ఓడలు లేవని చెప్పే మనిషి

పొద్దువాలే వేళకు పేరమ్మ మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగేది. ఆమె మెట్ల మీద ఉండగానే కింద గదిలోంచి ముసలామె గొంతు వినిపించేది.

"సముద్రంలో ఏమైనా ఉన్నాయా?"

"మా ఫీ, మామా. ఏమీ లేవు" అనేది పేరమ్మ అరబ్బీలో. అక్కడ మామా అంటే అమ్మ.

ఆ మాట చెవిన పడితే గాని ముసలామె అన్నానికి నోరు తెరిచేది కాదు.

నిజానికి రస్ అల్ ఖైమా సముద్రంలో ఓడలు లేని సాయంత్రమంటూ ఉండదు. అక్కడి కొండల్లో కొట్టిన రాయిని దేశదేశాలకు పంపుతారు. రాయి కోసం వచ్చిన ఓడలు రేవులో చోటు దొరికేదాకా దూరంగా లంగరు వేసుకుని నిలబడి ఉంటాయి. పేరమ్మ మొదట్లో వాటిని చూసి, లేవని చెప్పేది. రానురాను చూడటమే మానేసింది. సముద్రానికి వీపు పెట్టి, క్లిప్పులు నోట కరుచుకుని, దుప్పట్లు మడతలు పెట్టుకునేది. లేవని చెప్పడం కూడా ఇంటిపనుల్లో ఒక పని అయిపోయింది.

పేరమ్మది రాజోలు దగ్గర ఒక లంక. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురు ఆమనిని తోటికోడలి దగ్గర వదిలి దుబాయ్ వచ్చింది. వాళ్ళ లంకలో ఈ ఎడారి దేశమంతా దుబాయే. వచ్చిపడింది మాత్రం సయీద్ అనే ఆయన ఇంట్లో, ఈ సముద్రపుటూళ్ళో. సయీద్ తల్లి పేరు మౌజా. పనివాళ్ళకు ఆమె 'మామా కబీరా', అంటే ఇంటి పెద్దమ్మ. పేరమ్మ వచ్చిన కొత్తలో మౌజా గట్టి మనిషి. వంటిల్లు ఆమె చేతిలోనే ఉండేది. చేపలు ఎదురుగా వేసుకుని ఇద్దరూ పొలుసు తీస్తుంటే పేరమ్మకు అరబ్బీ నేర్పింది ఆమే. పొలుసు, మొప్ప, ఉప్పు, కత్తి, ఓడ. అలా మాటల వెంట కథా వచ్చింది.

ఇంగిలీషు వాళ్ళు 1819 చలికాలంలో బొంబాయి నుంచి యుద్ధపు ఓడలు వేసుకుని ఈ ఊరి మీదికి వచ్చారు. మా వర్తకపు ఓడల్ని దోచుకునే దొంగలు మీరని వాళ్ళ మాట. మా సముద్రం మాదని ఈ ఊరి మాట. రోజుల తరబడి ఫిరంగులు పేలాయి. బురుజులు కూలాయి. ఒడ్డున కట్టిన పడవలు కట్టినట్టే తగలబడ్డాయి. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఖర్జూరపు తోటల మీదుగా కొండల దారి పట్టారు. వాళ్ళలో మౌజా అమ్మమ్మకు ముత్తవ్వ ఒకతె. ఓడల్లోంచి దిగినవాళ్ళలో తెల్లవాళ్ళే కాదు, హిందీలూ, అంటే మన దేశం వాళ్ళూ ఉన్నారని చెప్పి మౌజా పేరమ్మ ముఖంలోకి చూసి నవ్వేది. "నాకేం తెలుసు మామా, మాది గోదారి" అనేది పేరమ్మ, చేప తల నరుకుతూ.

తర్వాత తర్వాత మౌజా మతి మసకబారింది. ముందు నిన్నటి సంగతులు పోయాయి. ఆ తర్వాత మనవల పేర్లు పోయాయి. ఓడల కథ పోలేదు. సామాన్లన్నీ తీసేసిన ఇంట్లో అదొక్కటే మిగిలి, ఇల్లంతా తానే అయి కూర్చుంది. ఆమె లెక్కలో ఓడలు ఇంకా రాలేదు. రేపో మాపో వస్తాయి. ఎవరైనా పెట్టె పట్టుకుని గుమ్మంలోకి అడుగు పెడితే చాలు, ఓడ దిగి వచ్చారని బెదిరిపోయేది. మౌజాకు మతి పోకముందు నుంచీ ఉన్నది గనక పేరమ్మ ఊళ్ళో మనిషి. అందుకే ఆమె చేతి ముద్ద ఒక్కటే లోపలికి దిగేది.

కరోనాకు విమానాలు ఆగిపోయిన ఏడు ఆమని తొలికాన్పు. పురుడు పొయ్యవలసిన తల్లి ఇక్కడ ఉండిపోయింది. తోటికోడలు పోసింది. పసివాడి నెత్తిన వేడినీళ్ళు పడటం, వాడు కెవ్వుమనడం, అన్నీ పేరమ్మ ఫోనులో చూసింది. మధ్యలో బొమ్మ ఆగిపోతే ఫోను పట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ఆమనికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"ఈసారన్నా వత్తావా, పిన్నికే చెప్పుకోమంటావా?" అని అడిగింది ఆమని. కోపంగా అడిగినా బాగుండేది. అలవాటైపోయినట్టు అడిగింది.

సయీద్ చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. తను ఆపడం లేదనీ, తల్లి ఇంకొకరి చేతి ముద్ద తిన్న మర్నాడే ప్రయాణం కట్టించేస్తాననీ చెప్పాడు. అంతకుముందు ఒకామెను తెచ్చి చూశాడు. ఆమె పెట్టె చూడగానే మౌజా కంచం విసిరికొట్టింది.

ఈసారి మనిషిని పేరమ్మే వెతుక్కుంది. శాంతిప్రియది మలికిపురం. కువైట్‌లో చేసి వచ్చిన మనిషి, నోరు ఊరుకోదు.

"కువైట్‌లో ముగ్గురు ముసలమ్మల్ని సాగనంపేనక్కా. ఈవిడో లెక్కా?"

"ముందు నోరు తగ్గించవే. ఈవిడ నిన్నూ నన్నూ సాగనంపుద్ది" అంది పేరమ్మ.

శాంతిప్రియ పెట్టెను పేరమ్మ పక్కింటి పనిమనిషి గదిలో దాచింది. తన పాత గౌను తొడిగించి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నదానిలా వంటింట్లో ఉల్లిపాయల ముందు కూర్చోబెట్టింది. చెంచా ఏ పక్క నుంచి పెట్టాలో, పాలు ఎంత చల్లారాలో, ముసలామె తలగుడ్డ ఎలా చుట్టాలో, కోపం వస్తే ఎంత దూరాన నిలబడాలో, అన్నీ నేర్పింది. సాయంత్రం అడిగే ప్రశ్న సంగతి మాత్రం చెప్పలేదు. దాచి కాదు. ఊపిరి ఎలా తీసుకోవాలో ఎవరూ ఎవరికీ చెప్పరు కదా, అలా.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే గాలి రేగింది. పేరమ్మ స్నానాలగదిలో ముసలామె పరుపుగుడ్డలు ఉతుకుతోంది. మేడ మీద బట్టలు ఎగిరిపోతాయని శాంతిప్రియ తనే పరుగెత్తింది. దిగుతుంటే కింద నుంచి ప్రశ్న వచ్చింది.

"ఉన్నాయి మామా, బోలెడు" అంది శాంతిప్రియ తన కువైట్ అరబ్బీలో హుషారుగా. "వరసగా నిలబడ్డాయి."

"తెరచాపలు?"

"తెరచాపల్లేవు. పొగ వస్తంది."

పేరమ్మ సబ్బు చేతులతో వచ్చేసరికి మౌజా మంచం దిగి నిలబడి ఉంది. "లేవు మామా, దీనికి చూపానదు" అంది పేరమ్మ. మౌజా ఆమె వైపు చూడనే లేదు. ఖర్జూరం డబ్బాలు దింపమంది. ఉన్న గిన్నెలన్నిటా నీళ్ళు పట్టమంది. సముద్రం వైపు కిటికీలు మూయించింది. కంచం తెస్తే తల తిప్పుకుంది. ఆ పూట పేరమ్మ ముద్ద కూడా దిగలేదు.

నమాజుకు వెళ్ళి వచ్చిన సయీద్ హాలు నిండా నీళ్ళ గిన్నెలు చూసి మెట్ల మీద కూలబడ్డాడు. ఊరి ప్రయాణం మాట తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత' ఎంత పొడుగో పేరమ్మకు తెలుసు.

"నా కొంప ముంచేవు కదే" అంది వంటింట్లో.

"సెప్పకపోతే నాకెలా తెలుస్తాదక్కా? ఉన్నయ్యి ఉన్నాయన్నాను" అంది శాంతిప్రియ. ఆమనికి ఫోను చేద్దామని తీసి, మళ్ళీ పెట్టేసింది పేరమ్మ.

తెల్లవారాక మౌజా ఇద్దరినీ పిలిపించింది. చాప మీద నిటారుగా కూర్చుని ఉంది. ఈ ఊరి పాతకాలపు ఆడవాళ్ళు ముక్కూ నొసలూ కప్పుతూ పెట్టుకునే గట్టి ముసుగు, ఎన్నో ఏళ్ళ తర్వాత తొడుక్కుంది.

"నీకు పిల్లలున్నారా?" అని పేరమ్మను అడిగింది, ఎరగనట్టే.

"ఒక్కతే కూతురు మామా. నెలలు నిండుతున్నాయి."

"కడుపుతో ఉన్న పిల్లని ఎక్కడో వదిలి ఇక్కడేం చేస్తున్నావు?" మౌజా గొంతు వంటిల్లు ఏలిన నాటి గొంతులా ఉంది. "ఓడలు వచ్చాక నిండుచూలాలు పరుగెత్తలేదు. ముందు వాళ్ళనే దాటించాలి. యల్లా, వెళ్ళు."

పేరమ్మ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఓడలు లేవు మామా."

"ఉన్నాయి." మౌజా చెయ్యి చాపి ఆమె చేతిని పట్టుకుంది. "చాలాకాలం కాపలా కాశావు. నీ కళ్ళు అలిసిపోయాయి. ఈ పిల్లకు కనపడ్డాయి. నాతో ఇది ఉంటుంది."

శాంతిప్రియ పాలలో నానేసిన రొట్టె తెచ్చింది. మౌజా నోరు తెరిచింది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. ముట్టడి రోజున ఖాళీ కడుపుతో ఉండకూడదని శాంతిప్రియకు చెబుతూ తింది.

గుమ్మానికి ఆనుకుని పేరమ్మ చూస్తూ ఉండిపోయింది. ఆ ముద్ద కోసమే ఇన్నాళ్ళు పడిగాపులు పడింది. తీరా అది దిగుతుంటే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెంచా తప్పు పక్క నుంచి పెడుతోందని చెప్పబోయి ఊరుకుంది.

సయీద్ మాట తప్పలేదు. కాగితాల పని తెమిలే దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆగిన రోజుల్లో పేరమ్మ ఎదురుపడితే మౌజా విసుక్కునేది. ఇంకా వెళ్ళలేదా, ఈ మొండితనం వల్లే ఊళ్ళు నాశనమవుతాయి అనేది. బయల్దేరే పూట పేరమ్మ వంగి ఆమె నొసట ముద్దు పెట్టింది. మౌజా కన్నీరు పెట్టుకోలేదు. యుద్ధంలో అంత తీరిక ఉండదు. "సముద్రం పక్కన పోకు. కొండల దారిన పో" అంది. అని, శాంతిప్రియను మేడ మీదికి పంపింది.

సయీద్ నడుపుతున్న కారు మొదటి కూడలి దగ్గర ఆగింది. దుబాయ్ విమానాశ్రయానికి అక్కడి నుంచి రెండు దారులు.

"కొండల పక్క దారిన పోనిస్తారా బాబా?" అని అడిగింది పేరమ్మ.

అది చుట్టు కదా అన్నాడు సయీద్. అయినా ఎడమకు తిప్పాడు. ఆమె తల అద్దానికి ఆన్చింది. కొండలు దగ్గర పడకముందే నిద్రపోయింది.