ఆకలి బకెట్ల సారు

త్రివిక్రమరావు గారికి ఒక్కటే జబ్బు. పెంచిన మొక్కకు తిండి పెట్టరు. సూరత్ శివారు డిండోలిలో నాలుగంతస్తుల మేడ మీద ఇరవై పెయింటు బకెట్లలో వరి పెంచుతారు. చెంచాడు డీఏపీ ఎరువు వేయమంటే మాత్రం ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. ఏదో విత్తనాల కంపెనీలో శాస్త్రవేత్తట. వంటవాడైతే ఆ హోటల్ ఏనాడో మూతపడేది.

కింది అంతస్తు ఐలమ్మకు ఇది బొత్తిగా మింగుడుపడలేదు. భర్త బక్కయ్య మగ్గాల కార్ఖానాకు పోగానే, బట్టలారేసే వంకతో మేడెక్కి ఆ మొక్కల్ని పరామర్శించేది.

"ఏంది సారూ, గిట్ల గిడసబారినయి? జరంత మందు ఎయ్యరాదు?"

"వేస్తే చెడిపోతాయమ్మా. కడుపు నిండిన వేరు కాలు కదపదు."

"మరి మీరు మూడు పూటల తింటరు గద?"

"నేను వేరును కాదుగా!"

నిజమే. ఐలమ్మ సర్వపిండి తెచ్చిన రోజున ఆయన ఒక ముక్క తీసుకుని, "రెండోది పెట్టకు, మనిషి సోమరైపోతాడు" అని ఉపన్యాసం మొదలుపెట్టారు. అది ముగిసేసరికి పళ్లెం ఖాళీ. సిద్ధాంతం మొక్కలకే గాని పొట్టకు కాదన్నమాట.

సిద్ధాంతం ఏమిటంటే, మట్టిలో భాస్వరం ఉన్నా ఎర్రనేలలో ఇనుము దాన్ని పట్టుకుని వదలదు. బస్తాలు కుమ్మరించినా పైరుకు దక్కేది చిటికెడే. కొన్ని పాత వరి రకాల్లో ఒక జన్యువు ఉంది. ఆకలి తగిలితే అది మేలుకొని, లేత వయసులోనే వేళ్లను గుబురుగా పెంచి, మట్టంతా గాలించి తిండి తెచ్చుకుంటుంది. ఆ రకంతో మన వరిని సంకరం చేశారు సారు. ఏ పిల్లమొక్కకు ఆ గుణం వచ్చిందో తెలియాలంటే అన్నింటినీ మాడ్చాలి. వినడానికి బాగానే ఉంది, చూడ్డానికే కడుపు తరుక్కుపోతుంది.

అసలే ఐలమ్మ బాధలో ఉంది. సిరిసిల్ల దగ్గర వాళ్లకున్నది ఒక్క ఎకరం. మరిది ఆగయ్య ఫోన్ చేసి, "వదినా, ఎంత మందు సల్లినా పంట లేదు. గీ వానకాలం సూస్త, లేకుంటే అమ్ముడే" అన్నాడు. ఎప్పటికైనా ఈ సూరత్ వదిలి ఆ ఎకరంలో బతకాలని ఆమె ఆశ. ఫోన్ పెట్టేసి మేడెక్కితే ఇక్కడా పస్తులున్న పైరే. నర్సరీకి పోయి కిలో డీఏపీ కొనుక్కొచ్చి, పస్తున్న ప్రతి బకెట్‌కూ పిడికెడు చల్లింది. పుణ్యం చేశానని తృప్తిగా దిగింది.

మర్నాడు మేడ మీద సారు కేకలకు పావురాలు లేచిపోయాయి.

"ఎవరు పెట్టారు వీటికి తిండి?"

"నేనే. కోర్టుకు పోతరా?"

"రెండేళ్ల పని, ఐలమ్మా! ఇందులో మట్టి ఎవరిదో తెలుసా?"

"ఎవరిదైతేంది?"

"నీదే! మీ ఎకరంలోదే!"

ఐలమ్మ వంగి బకెట్లోంచి చిటికెడు మట్టి తీసి చూసింది. రెండేళ్ల కిందట బక్కయ్య పొలం గోడు చెప్పుకుంటే, సారే ట్రావెల్స్ బస్సులో మట్టి బస్తాలు తెప్పించారట. ఆ మట్టిలో నిలిచే వరి కోసమే ఈ పస్తులన్నీ. ఇంట్లో చెప్పొద్దని బక్కయ్య చేత ఒట్టు కూడా వేయించుకున్నారు.

"నాకెందుకు చెప్పలే?"

"ఆ వరి రాకపోతే నువ్వేడుస్తావు. ముందే ఆశ పెట్టడం నాకు చేతకాదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. సారు బకెట్లు తడుముతూ పోయి, పదమూడో దాని దగ్గర ఆగిపోయారు. "దీనికి వేయలేదేం?"

"అది పచ్చగ మంచిగనే ఉన్నది గద. బలిసినోనికి ఎందుకు పెడుత?"

ఆయన ఆ మొక్కను కుదుళ్ల దాకా వంగి చూశారు. ఇరవైలో ఒక్కటి, ఒక్క గుళికైనా పడకుండా, ఆ మొండి మట్టిలోనే పిలకలు వేసి నిలబడి ఉంది.

"ఇదేనమ్మా మీ పొలం వరి" అన్నారు. "మే నెలకు గింజలొస్తాయి. ఈ యేడు ఒక్క మడికే సరిపోతాయి."

ఐలమ్మ అప్పుడే ఆగయ్యకు ఫోన్ కలిపింది.

"ఎక్కువ ఆశ పెట్టకు, ఐలమ్మా!"

"మీరు జర సప్పుడు చెయ్యకుండ్రి సారూ" అని ఆమె ఫోన్‌లోకి తిరిగి, "ఆగయ్యా, భూమి అమ్మకు! మా సారు పెద్ద పంట పంపుతుండు!" అని వీధంతా వినబడేలా అరిచింది.