చూరులో గ్లాసులు

ఆ ఏడాది సార్వా పంటకి కాలవ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. మూడెకరాలూ దమ్ము చేయించి సిద్ధం చేశాను గానీ నారు ఊడ్చే మనిషి లేదు. నారుమడిలో నారు ముదిరిపోతోంది. మా ఆయన స్కూటర్ మీంచి పడి, నడుం విరిగి మంచంలో ఉన్నారు.

పెంటపాడు దగ్గర మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా మా చేను ఊడ్చేది ఒకటే ముఠా. ఆ ముఠాని నడిపే ఆవిడ నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అయినా నేను "ఏమే" అనేదాన్ని, ఆవిడ "అండీ" అనేది. కబురు పంపితే చాలు, తెల్లారేసరికి పదిహేనుమంది ఆడవాళ్ళు గట్టు మీద ఉండేవారు.

ఈసారి మూడు కబుర్లు పంపినా ఎవరూ రాలేదు. నేనే చర్చి వెనకున్న వాళ్ళ పేటకి వెళ్ళాను. గుమ్మంలోకి ఆవిడ కూతురు వచ్చింది. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్న పిల్ల.

"మీ అమ్మ ఏదీ? నారు పాడైపోతోంది" అన్నాను.

"ఈసారి రావట్లేదండి" అంది మెల్లగా. "మా అమ్మ తాగే టీ గ్లాసు మీరు చూరులో పెడతారు కదండీ. తాగాక తనే కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. మీరు తాగే గ్లాసుల్లోనే ఇస్తానంటే వస్తారండి. పేటలో చదువుకుంటున్నవాళ్ళం అందరం ఇదే అనుకున్నాం."

గొంతు పెంచలేదు, అండీ అనడం మానలేదు. అందుకే నాకు భయం వేసింది. తల్లి వచ్చి కూతురి వెనక నిలబడి, "నాకు అలవాటేనండి. పిల్లల మాట కాదని మాత్రం రాలేనండి" అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి, "ఏవండీ, ఇచ్చేద్దామండీ, గ్లాసేగా" అన్నాను.

"రేపట్నించి వీధిలో ఎవరైనా మనింట్లో మంచినీళ్ళు ముట్టుకుంటారా?" అని మా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

మర్నాడు మనుషుల కోసం బస్సెక్కి కొల్లేరు ఊళ్ళన్నీ తిరిగాను. అందరూ చేపల చెరువుల పనికి కుదిరిపోయారు. "మా పిల్లలు కూడా ఊడ్పులకి పోవద్దంటున్నారండి" అంది ఒకావిడ. తిరిగొస్తూ ఏలూరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, జనం చూస్తున్నారని తెలిసీ ఏడ్చాను.

నాలుగో రోజు నారుమడిలోకి దిగి చూస్తే మొక్కలు ముదిరి కణుపులు కట్టేశాయి. మా ఆయన్ని అడక్కుండా చూరులో గ్లాసులన్నీ లాగి పెంటకుప్ప మీద పారేసి, బురద కాళ్ళతోనే పేటకి పరుగెత్తాను. "రమ్మనమ్మా, మా గ్లాసుల్లోనే ఇస్తాను" అన్నాను ఆ పిల్లతో. ఆ మాటలో ఉన్నదంతా పంట పోతుందన్న భయమే. అది ఆ పిల్లకి తెలిసిపోయిందనుకుంటాను. అయినా తలూపింది.

వాళ్ళు వచ్చి, మా గ్లాసుల్లోనే టీ తాగి, రెండు రోజుల్లో ఊడ్చేశారు. ముదురు నారు పిలకలు వెయ్యలేదు, కోతకొచ్చేసరికి సగానికి పైగా తాలే. వీధిలో రెండిళ్ళవాళ్ళు మా గుమ్మం తొక్కడం మానేశారు. మా ఆయన నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.

మరుసటి సార్వాకి ముఠా చెప్పిన రోజుకే వచ్చింది. ట్రే నిండా మా గ్లాసుల్లో టీ పట్టుకుని గట్టు మీదకి వెళ్ళి, "రండమ్మా" అని పిలిచాను. అలా పిలవడం అదే మొదటిసారి.

ఆవిడ చేతులు కడుక్కుని, తను తెచ్చుకున్న టీ క్యాను మూత తీసింది.

"వద్దండి. పిల్లలు కాచి పంపారండి."

ఒక్కరూ నా ట్రే వైపు చెయ్యి చాపలేదు. టీ చల్లారిపోయేదాకా గట్టు మీద అలాగే నిలబడ్డాను.