మోతికి పెట్టిన పల్లి ఉండలు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను. ఇది ఒక కుక్క సంగతి. ఓస్, కుక్కేనా అని నవ్వుతారేమో. నేనూ చాలాకాలం అలాగే అనుకుని చూశాను. కుదరలేదు.

సెల్‌ఫోన్లు మా వీధికి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వనపర్తిలో ఇంట్లోనే పల్లిపట్టీలు చేసి దుకాణాలకు వేసేదాన్ని. పక్కింట్లో బాలయ్య తాత, ఆయన కుక్క మోతి. భార్య పోయాక ఆయనకు తోడు అదొక్కటే. నాకు దానిమీద ఒకటే కుతూహలం. ఏం తింటుంది? ఏది ముందు తింటుంది? ఒకరోజు క్యారెట్ ముక్క, ఉడికిన గుడ్డు ముక్క, పల్లి ఉండ వరుసగా పెట్టి చూశాను. గుడ్డు మింగింది. ఉండ నమిలింది. క్యారెట్‌ను వాసన చూసి, ఇదేందమ్మా అన్నట్టు నా మొహంలోకి చూసింది. ఎంత నవ్వానో!

బిస్కెట్లు పెడితే దానికి దురద వస్తోందని తాత బాధపడేవాడు. అయితే బలమైనదే పెడదామనుకున్నాను. మా పాలమూరులో పల్లీని మించిన బలమేముంది? ఇక్కడిదాకా నా బుద్ధి మంచిదే.

ఆ ఏడు పల్లి పీకే వేళకు వానలు పట్టుకున్నాయి. నేను తెచ్చిన బస్తాలో సగం పప్పు నల్లబడి, పచ్చటి బూజు పట్టి ఉంది. చేటలో పోసి ఏరాను. మంచివి పట్టీలకు. ఏరేసినవి పారేయడానికి చేయి రాలేదు. మా దగ్గర అంతే, మనిషికి పనికిరానిది పశువుకు పోతుంది. బాగా వేయిస్తే బూజు చచ్చిపోతుందనుకున్నాను. నల్లగా వేయించి, గిన్నెకు అంటిన బెల్లంపాకంలో కలిపి ఉండలు చుట్టాను. ఆ పప్పు ఒకటి నోట్లో వేసుకున్నాను కూడా. కటిక చేదు. ఉమ్మేశాను. ఉమ్మేసి, ఆ ఉండలనే మూడు వారాలపాటు రోజూ మోతికి పెట్టాను.

ఎందుకు పెట్టాను? నా నోటికి పనికిరానిది దాని నోటికి ఎలా పనికొస్తుందనుకున్నాను? బెల్లం కలిపాక చేదు పోయిందని నాకు నేను సర్దిచెప్పుకున్నానా, లేక ఉండ చూడగానే అది తోకాడిస్తూ పరుగెత్తుకొస్తుంటే ఆ ముచ్చటలో మిగతాదంతా మరిచానా? ఇప్పటికీ తవ్వుకుంటూనే ఉంటాను.

మోతి తిండి మానేసింది. వాంతులు. తాత దాన్ని భుజాన వేసుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి నేరుగా మా గడప ముందు నిలబడ్డాడు. నేను పాకం తిప్పుతున్నాను.

"బిడ్డా, మోతి కండ్లు పచ్చగైనయ్. కార్జం ఖరాబైందంటుండు డాక్టర్ సాబ్. ఏం తిన్నదో ఎరుకైతే మందు దాన్ని బట్టి ఇస్తడంట. నువ్వేమన్న పెట్టినవా?"

"నేనేం పెడ్త తాతా? గింత రొట్టె ముక్క, గంతే."

"నిజంగనే?"

"నీతోని అబద్ధమెందుకాడ్త?"

ఆయన తల పట్టుకున్నాడు. "అయితే నేను పెట్టిన బోటినే. అగ్గువకొచ్చిందని మొన్న అంగట్ల తెచ్చిన. నా చేతులతోని నేనే చేస్కున్న బిడ్డా."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. కానీ నా ఎదుట పట్టీల తట్ట ఉంది. ఆమె పల్లీలు తిని కుక్కకు ప్రాణం మీదికొచ్చిందట అని ఊళ్లో అనుకుంటే నా పట్టీలు ఎవరు కొంటారు? వాటికి మంచి పప్పే ఏరానంటే ఎవరు నమ్ముతారు? తాత వెళ్లిపోయాడు. పాకం ముదిరిపోయింది. మూడోరోజు మోతి చచ్చిపోయింది.

కొన్నేళ్లకు పశువుల వైద్య శిబిరంలో ఒక డాక్టరమ్మను ఊరికే అడిగినట్టు అడిగాను. బూజు పట్టిన పల్లి కుక్క కాలేయానికి విషమట, వేయించినా పోదట. ముందే తెలిస్తే బతుకుతుందా అంటే, "చెప్పలేం, బతకొచ్చు" అంది. ఆ రెండో మాట నాలో దిగబడిపోయింది. అయినా ఆగలేక ఇంకా అడిగాను. ఉప్పు వేయని గుడ్డు, క్యారెట్, కీరా మంచివట. కిస్మిస్, ఉల్లిగడ్డ, చాక్లెట్ అసలు వద్దట. అప్పటినుంచి ఎవరి కుక్కను చూసినా ఏం పెడుతున్నారని ఆరా తీస్తాను. నాకు కుక్కలంటే ప్రాణమని జనం అనుకుంటారు. ఛీ, ఆ మెప్పు కూడా దొంగదే.

తాత మళ్లీ కుక్కను పెంచలేదు. ఎవరో కూనను తెచ్చి ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఒకరోజు నేను వీధికుక్కకు గుడ్డు ముక్క వేస్తుంటే దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"చూసి పెట్టు బిడ్డా. నేను చేసినట్టు చెయ్యకు."

"సరే తాతా" అన్నాను. అంతే అన్నాను! ఆ ఏడే ఆయన పోయాడు.

మోతికి విషం పెట్టింది నేను. అడిగితే పెట్టలేదన్నదీ నేనే. తాతకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను, ఇది క్షమాపణ కాదని తెలుసు. కానీ ఆయన చేతుల్లో ఏ తప్పూ లేదని ఇప్పుడు నాతోపాటు ఇంకొకరికి తెలుసు.