అట్టల దీవిలో కెప్టెన్

లాస్ ఏంజెలెస్‌లోని ఒక చవక స్టూడియోలో తీస్తున్న యుద్ధం సినిమాలో, దీవిలో గూఢచారులను పట్టే కెప్టెన్ వేషం వెర్నన్ టటిల్‌ది. పొట్ట బిగబట్టి, అతికించిన మీసం మాటిమాటికీ ఒత్తుకుంటూ, అట్టతో చేసిన కొబ్బరిచెట్ల మధ్య సేనాధిపతిలా తిరుగుతాడు. శత్రు గూఢచారిగా వేసే బెనిగ్నోను షాట్ అయ్యాక కూడా "ఒరే ద్రోహీ" అనే పిలుస్తాడు. ఒకరోజు లైటు పేలి సెట్టుకు నిప్పంటుకుంది. సీను కోసం కుర్చీకి కట్టేసిన హీరోయిన్ బర్నీస్ కేకలు పెడుతుంటే, అందరికంటే ముందు బయటికి పరిగెత్తింది వెర్ననే. చేతులు కాలుతున్నా ఆమె కట్లు విప్పింది బెనిగ్నో. మంటలారాక వెర్నన్ తాపీగా వచ్చి, "కూర్చో బర్నీస్, నిన్ను నేను కాపాడే సీను షూట్ చేసేద్దాం" అన్నాడు.

"ఇతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. ఆ కుర్చీలో నువ్వే కూర్చో. నీకోసం ఎవడొస్తాడో చూద్దాం" అంది బర్నీస్.