వరుస తీసేస్తే

బెంగళూరు హూడిలో మా ఆఫీసు క్లినిక్‌లకు యాప్ తయారుచేసేది. యాప్ సరిగా పనిచేస్తోందో లేదో వాటంతట అవే చూసే టెస్టులు నా పక్క సీటు అమ్మాయి రాసింది. ఆమె కాంట్రాక్టు ఆ రోజుతో, శుక్రవారంతో ముగుస్తుంది. సాయంత్రానికి టెస్టులన్నీ పాసై పచ్చగా వస్తే పొడిగించమని పైవాళ్లను అడుగుతానన్నాడు మేనేజరు.

మధ్యాహ్నం చూస్తే ఎర్రగా ఉన్నాయి. ఎవరో టెస్టుల పేర్లు మార్చారు. మా టూలు పేర్ల అక్షరక్రమంలో నడుపుతుంది కాబట్టి, రోగిని నమోదు చేయకముందే అపాయింట్‌మెంట్ రద్దు చేయబోయింది.

"పేర్ల ముందర నంబర్లు ఏసేయన్నా. వరుసగా పోతాయి," అంది.

వేశాను. అన్నీ పచ్చగా వచ్చాయి. ఆమె బైటూ కాఫీ తేవడానికి వెళ్లింది. నాకు మాత్రం కుర్చీలో కుదురు లేదు. జిగణి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తూ, ప్రోగ్రామింగు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. లెక్క సరిపోయినా, ఎందుకు సరిపోయిందో తెలియకపోతే కాలు ఆడుతూనే ఉంటుంది.

బుకింగు టెస్టును ఒక్కదాన్నే, కొత్త రోగితో నడిపాను. ఆగిపోయింది. వరుసలో దాని ముందున్న టెస్టు రోగికి ఫోన్ నంబరు చేర్చేది. ఫోన్ నంబరు లేనివాళ్లకు యాప్ అపాయింట్‌మెంటే ఇవ్వడం లేదు.

ఒక కాఫీని రెండు కప్పుల్లో పట్టుకొచ్చిన ఆమెకు చూపించాను.

"ఈపొద్దే కనపడాల్నా ఇది?" అంది. "ఫోన్ లేనోళ్లు ఎవరుండారన్నా ఇప్పుడు?"

నేను నా కప్పు అందుకున్నాను.

"అత్తిబెలెలో మా అత్త ఉండాది," అని తనే అంది. "సోమవారం చెప్తే?"

"కొత్త యాప్ క్లినిక్‌లకు పోయేది సోమవారం పొద్దున్నేగా."

కప్పు పక్కన పెట్టి, టెస్టు పేర్ల ముందరి నంబర్లన్నీ తీసేసింది. తప్పు వివరం తన పేరుతోనే మేనేజరుకు పంపింది. ఆయన వచ్చి నిలబడ్డాడు.

"సాయంత్రానికి పచ్చగా చేయలేవామ్మా?"

"నంబర్లు పెడితే ఇప్పుడే అవుతాయి సార్. తప్పు మాత్రం ఆడే ఉంటాది."

ఆయన క్యాబిన్‌లోకి వెళ్లి ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. అద్దం వెనుక పెదవులు కదలడం తప్ప ఏమీ వినపడలేదు. బయటికొచ్చి, "సోమవారం యాప్ పోదు. నీ సంగతి ఇంకా తేల్లేదు," అన్నాడు.

ఆమె బస్సు వేళ దాటిపోతోంది. నేను బటన్ నొక్కి ఆ టెస్టునే మళ్లీ మళ్లీ నడుపుతున్నాను, ఎర్రగానే వస్తోంది.

"ఊరికే ఎందుకన్నా ఒత్తుతావు," అంది, క్యాబిన్ తలుపు మీంచి చూపు తిప్పకుండా. "అది మారేది కాదు."