గురువారం రెండో కప్పు

నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ అంటుంది. ఇరవై రెండేళ్ళు ఒకే హోటల్లో, ఒకే హాల్లో నిలబడి, వచ్చిన ప్రతివాడికీ నవ్వు మొహం చూపించి ఇంటికొస్తే మిగిలేది అదేనని నేనంటాను. కానీ పెద్దక్క మీద నేను చూపించిన కోపానికి హోటల్ని ఆడిపోసుకుని లాభం లేదు. అది అచ్చంగా నా పొగరు. ఆ సంగతి నేనే చెప్పడం మంచిది, ఎందుకంటే మా బార్ కౌంటర్లో ఉండే నిమ్మకాయ ఇప్పటికే ఊరంతా చెప్పేశాడు. పొద్దస్తమానం గ్లాసుల కోసం నిమ్మకాయలు కోస్తుంటాడని అతనికా పేరు.

మా హాలు ఒకటే గానీ రోజుకు మూడు వేషాలు వేస్తుంది. పన్నెండు నుంచి రెండున్నర దాకా భోజనాలు, మూడు నుంచి ఐదున్నర దాకా టీ, ఆరు కాగానే బార్. మూడింటిలో టీ వేళే కష్టం. భోజనానికి వచ్చినవాడు ఆకలి మీద ఉంటాడు, ప్లేటు తప్ప ఏదీ చూడడు. బార్‌కి వచ్చినవాడు కాసేపయ్యాక అసలేదీ చూడడు. టీకి వచ్చినవాళ్ళకు ఆకలీ ఉండదు, తొందరా ఉండదు. టేబుల్ గుడ్డ మీద ముడత, చెంచా మీద మరక, అన్నీ చూస్తారు. అన్నిటికంటే ముందు టీ పోసే చేతిని చూస్తారు, అది వాళ్ళ కళ్ళకు జానెడు దూరంలో ఉంటుంది మరి. అందుకే మూడింటికి ఐదు నిమిషాల ముందు మా వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి గోళ్ళు చూస్తాను. నేనక్కడ కెప్టెన్ని, అంటే వడ్డించేవాళ్ళకు పెద్దని.

పెద్దక్క గిన్నెలు కడిగే గదిలో పనిచేసేది. నాకంటే రెండేళ్ళు చిన్నదే అయినా ఆ గదిలో అందరికంటే పాతమనిషి కావడంతో మేనేజర్ కూడా పెద్దక్కా అనే పిలిచేవాడు. ఆ గదికీ హాలుకీ మధ్య అటూ ఇటూ ఊగే తలుపు ఒకటుంది. ఎంగిలి ప్లేట్లు అటు వెళ్తాయి, కడిగినవి ఇటు వస్తాయి. కడిగే మనుషులు మాత్రం ఇటు రారు. అలాగని ఎవరూ రాసిపెట్టలేదు, నేనే రానిచ్చేవాడిని కాదు.

ఒకరోజు పొద్దున పదింటికి ఆ తలుపు తోసుకుని నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"కెప్టెన్ గారూ, నన్ను టీ వేళకి హాల్లోకి తీసుకోండి."

నేను ఆవిడ చేతుల వంక చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పగిలిపోయి ఉంది. రెండు వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది. పదకొండేళ్ళు వేడినీళ్ళలో, ఆ ఘాటు సబ్బులో నానిన చేతులవి.

"నీళ్ళలో చెయ్యి పెట్టడం మానకపోతే ఇంక మందు రాయనన్నాడు డాక్టరు. నెలరోజులు టైమిచ్చాడు" అంది.

"అయితే మానెయ్. ఇంట్లో కూర్చో."

"ఇంట్లో కూర్చునే మనిషినైతే మీ దాకా ఎందుకొస్తానండి?"

"ఆ చేతులతో నువ్వు టీ పోస్తే ఎవరు తాగుతారు?" అన్నాను. నోరు జారి అన్నానని చెప్పుకోవచ్చు గానీ, అబద్ధం. కావాలనే అన్నాను.

ఆవిడ చేతులు వెనక్కి దాచుకోలేదు. "మీ హాల్లో ఎవరేం తింటారో, ఏం వదిలేస్తారో మీకంటే నాకే బాగా తెలుసు. మీరు పెట్టేటప్పుడు చూస్తారు. నేను తిరిగొచ్చాక చూస్తాను" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న నాకు నా హాలు గురించి చెబుతోంది. తలుపు చూపించాను. ఆవిడ ఆ తలుపులోంచి వెళ్ళింది గానీ గిన్నెల దగ్గరికి కాదు, మేనేజర్ గదికి.

మేనేజర్ ఎవరినీ నొప్పించలేని మనిషి, అందుకే నొప్పించే పనులన్నీ నాకు వదిలేస్తాడు. "పన్నెండు రోజులు నేర్పించండి. ఆ తర్వాత వచ్చే గురువారం టీకి ఒక టేబుల్ ఇచ్చి చూడండి. పనికొస్తుందని మీరు సంతకం పెడితే హాల్లో ఉంటుంది. లేదంటే తడి తగలని పని మన దగ్గర ఇంకేం లేదు, పంపించేయాలి" అన్నాడు. అంటే ఆవిడ బతుకుతెరువు తెచ్చి నా కలం కింద పెట్టి, తను చేతులు దులుపుకున్నాడు.

ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ, "ఆవిడ ట్రే పట్టుకుంటే మీ కోటు ఊడిపోతుందా?" అంది. విసురుగా లేచిపోయాను. ఆ రోజుల్లో నా కుడి దవడలో వెనక పన్ను ఒకటి సలుపుతుండేది. పంటి డాక్టరంటే నాకు చచ్చేంత భయం. మనవరాలు పుట్టాక కూడా ఆ మాట ఎవరితో చెప్పుకుంటాం? మా ఆవిడకు సైతం చెప్పలేదు. కోపిష్టివాణ్ణని ఎలాగూ పేరుంది కదా అని ఆ పేరు చాటునే నొప్పిని దాచుకుంటూ వచ్చాను.

మర్నాటి నుంచి రోజూ పదింటికి పాఠం. మొదటిరోజు పెద్ద ట్రేలో ఎనిమిది గ్లాసులు అంచుదాకా నింపి, బార్ కౌంటర్ దగ్గర్నుంచి కిటికీ టేబుల్ దాకా వెళ్ళి రమ్మన్నాను. మూడు గ్లాసుల నీళ్ళు నేలపాలయ్యాయి. నిమ్మకాయ కౌంటర్ వెనక నుంచి, "పోన్లే పెద్దక్కా, నేల కడిగినట్టయింది" అన్నాడు. ఆవిడ నేల తుడిచి, గ్లాసులు మళ్ళీ అంచుదాకా నింపుకుని బయల్దేరింది. ఆ ఒక్కరోజే పద్నాలుగు సార్లు తిరిగింది. ఐదో రోజుకు చుక్క తొణకలేదు. ఇంకో ఇద్దరిని అడ్డం నిలబెట్టి నడవమన్నాను. అప్పుడూ తొణకలేదు.

తర్వాత టీ పోయడం. టీపాట్ మూత మీద వేలు పెట్టి, కొమ్మును కప్పు దగ్గరగా తీసుకెళ్ళి, అంచుకు వేలెడు కిందిదాకా పోయాలి. కప్పు పిడి గెస్టు కుడిచేతి వైపు ఉండాలి. మొదటి కప్పే మనం పోస్తాం. తర్వాత పాట్ వాళ్ళకు అందేలా పెట్టి పక్కకు తప్పుకుంటాం, రెండో కప్పు వాళ్ళే పోసుకుంటారు. ఇది మా హాలు పద్ధతి. మూడంతస్తుల స్టాండులో కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో బిస్కెట్లు, పైన కేకులు. ఒకసారి చెబితే చాలు, మళ్ళీ అడిగేది కాదు.

"ఇంటిదగ్గర ప్రాక్టీసు చేస్తున్నావా ఏంటి?" అనడిగాను.

"మా అత్తని కుర్చీలో కూర్చోబెట్టి పోస్తున్నానండి. టీ చల్లారిందంటుంది, కప్పు వంకరగా పెట్టావంటుంది, నవ్వుతూ పొయ్యమంటుంది, నవ్వితే ఎందుకు నవ్వుతున్నావంటుంది. ఆవిణ్ణి మించిన గెస్టు మీ హాల్లో ఎవరూ ఉండరు."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. చేతులు కనపడకుండా తెల్ల గ్లౌజులు వేసుకోమని మేనేజర్ ఒక జత పంపించాడు. మర్నాడే తిరిగి తెచ్చి టేబుల్ మీద పెట్టేసింది. "ఇవి వేసుకుంటే పాట్ పిడి జారుతోంది. నిన్న మా అత్త ఒళ్ళో పడేదే. నా చేతులు పగిలాయి గానీ మురికివి కావు" అంది.

గురువారం వచ్చింది. ఇక్కడ నేను చేసిన బుద్ధితక్కువ పని చెప్పాలి. ఆరు టేబుళ్ళు ఉండగా ఆవిడకు కిటికీ టేబుల్ ఇచ్చాను. అది గురువారం మేడంది. రెండేళ్ళుగా ప్రతి గురువారం మూడుంపావుకు ఒంటరిగా వచ్చే పెద్దావిడ. ఒక పాట్ టీ, ఒక స్టాండు చెబుతుంది. ఒక్క కప్పు తాగి, సగం పాట్ వదిలేసి, మొహంలో ఏ భావమూ లేకుండా వెళ్ళిపోతుంది. "టీ నచ్చలేదా మేడం?" అని మావాడొకడు ఒకసారి అడిగితే, "నచ్చకపోతే ఎందుకొస్తాను?" అంది. ఆ తర్వాత ఆ టేబుల్ వైపు వెళ్ళాలంటే అందరికీ భయమే. పెద్దక్క అక్కడ తప్పకుండా బోల్తా పడుతుందని, నా చేతికి పాపం అంటకుండా పని జరిగిపోతుందని నా లెక్క.

పెద్దక్క స్టాండు తెచ్చి చప్పుడు లేకుండా పెట్టింది. పాట్ ఎత్తింది. బార్ కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నాను. కప్పు సగమే నింపింది. ఒక తప్పు. పిడిని మేడం చేతివైపు కాకుండా అవతలికి తిప్పి పెట్టింది. రెండో తప్పు. స్టాండుతో పాటు ఇచ్చే చిన్న జామ్ సీసా మూత, అడక్కుండానే, తనే తీసి పక్కన పెట్టింది. గెస్టు వస్తువు ముట్టుకోవడం మూడో తప్పు. పోనీ అప్పుడైనా పక్కకు తప్పుకుందా అంటే అదీ లేదు, రెండడుగులు వెనక్కేసి అక్కడే నిలబడింది. ఇక చాలనుకుని కదిలాను. నిమ్మకాయ నా మోచెయ్యి పట్టుకుని, "ఆగండి సార్, అటు చూడండి" అన్నాడు.

మేడం రెండు అరచేతులతో కప్పును చుట్టి పట్టుకుని ఎత్తింది. అప్పుడు చూశాను ఆవిడ వేళ్ళను. కణుపులన్నీ వాచిపోయి, వేళ్ళు ఒక పక్కకు వంగిపోయి ఉన్నాయి. రెండేళ్ళుగా వారం వారం ఆ టేబుల్ పక్కన నిలబడి, టీ ఆకు మార్చాలా, పాలు మార్చాలా అని తల బద్దలు కొట్టుకున్నానే గానీ, ఆ చేతుల్ని ఒక్కసారీ చూడలేదు. అందరి గోళ్ళూ చూసే పెద్దమనిషిని నేను.

కప్పు కిందికి దిగగానే పెద్దక్క ముందుకొచ్చి రెండోసారి పోసింది. మళ్ళీ సగమే. మేడం ఆ పగిలిన చేతిని చూసింది. నేను అప్పటికి కౌంటర్ వదిలి ఆ టేబుల్‌కి మూడడుగుల దూరం దాకా వచ్చేశాను.

"నీ చేతులకేమైంది?" అంది మేడం.

"కడిగీ కడిగీ ఇలా అయ్యాయమ్మా. ఇన్నాళ్ళూ మీ కప్పు కడిగింది నేనే."

"నా కప్పని నీకెలా తెలుసు?"

"ప్రతి గురువారం కిటికీ టేబుల్ ట్రేలో ఒక్కటే కప్పు వచ్చేదమ్మా. పెదవుల రంగు పిడికి సరిగ్గా ఎదురుగా అంటుకుని ఉండేది. రెండు చేతులతో పట్టుకుంటే గానీ అక్కడ అంటదు. పాట్ సగం అలాగే చల్లారి వచ్చేది. జామ్ మూత ఎప్పుడూ తీసి ఉండేది కాదు. ఎత్తడానికి, తిప్పడానికి చేతులు సహకరించట్లేదేమో అనుకున్నాను. అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదు, పోసేశాను."

మేడం మళ్ళీ రెండు అరచేతులతో కప్పు ఎత్తింది. ఖాళీ చేసి, "ఇంకొంచెం పొయ్యి" అంది.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర నా ముందు ఆగింది. "రెండేళ్ళుగా వస్తున్నాను. ఇవాళే రెండో కప్పు తాగాను" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఐదున్నరకు మేనేజర్ కాగితం తెచ్చాడు. "చేతులు చూసి రేపెవరైనా ఏమైనా అంటే?" అని గొణిగాడు. "నీళ్ళకు దూరంగా ఉంటే అవే మానతాయి. ఈలోగా ఎవరైనా ఏమైనా అంటే నాకు చెప్పమనండి" అని సంతకం పెట్టేశాను.

కాగితం పట్టుకుని గిన్నెల గదికి నేనే వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో ఆ తలుపు దాటి అటు వెళ్ళడం అదే మొదటిసారి. లోపల అంత వేడిగా ఉంటుందని నాకు తెలీదు. పెద్దక్క తన సంచీ సర్దుకుంటోంది. కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "ఆ రోజు నేనన్న మాట..." అని నీళ్ళు నమిలాను.

"మర్చిపోలేదండి" అంది. "మర్చిపోతే ఈ పన్నెండు రోజులూ నడవగలిగేదాన్ని కాదు."

చెప్పాల్సింది చెప్పేసినట్టు సంచీ భుజానికి తగిలించుకుంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మీరు పన్ను చూపించుకోండి. మూడు నెలల నుంచి స్టాఫ్ భోజనంలో గట్టిది ఏదీ తినట్లేదు. బ్రెడ్ అంచులు, ఆపిల్ ముక్కలు అన్నీ పక్కన పెట్టేస్తున్నారు. ఇదివరకు మీరు ఆపిల్ ముక్క వదిలేవారు కాదు."

నేను బిక్కచచ్చిపోయాను. "నా ప్లేటని నీకెలా తెలుసు?" అన్నాను, మేడం అడిగినట్టే.

"తినడం అయ్యాక చెంచా, ఫోర్కు పక్కపక్కనే తిన్నగా పెట్టేది ఇంతమందిలో మీరొక్కరే. ఎవరికీ చెప్పలేదులెండి."

అంత మాటన్న నన్ను కూడా ఆవిడ రోజూ చూస్తూనే ఉంది.  పన్ను నొప్పన్నట్టు దవడ పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాను.

శనివారం వెళ్ళి పన్ను తీయించుకున్నాను. మా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చున్నాను, ఇందులో దాచడానికేముంది. వారం రోజులు మెత్తటివే తిన్నాను. ఎనిమిదో రోజు స్టాఫ్ భోజనంలో బ్రెడ్ అంచులతో సహా అన్నీ తిని, ఆపిల్ ముక్కలు ఒక్కటీ వదలకుండా నమిలి, ఖాళీ ప్లేటు మీద చెంచా, ఫోర్కు తిన్నగా పెట్టి, నేనే స్వయంగా తీసుకెళ్ళి గిన్నెల గదిలో ఇచ్చాను. ఆ ప్లేటు చూడాల్సిన మనిషి అక్కడ లేదు. మూడు కావస్తోంది. హాల్లో వరసలో అందరితో పాటు చేతులు చాపి నిలబడి, కెప్టెన్ ఇంకా రాలేదేమిటని గడియారం వంక చూస్తోంది.