డాబా మీద ఫోను, కింద లాప్‌టాప్

భోపాల్‌పట్నంలో, మా వీధిలో ఫోన్లు మనుషుల దగ్గర ఉండవు, డాబాల మీద ఉంటాయి. ఇళ్లలో మాట్లాడుకోవడానికి సిగ్నల్ ఉంటుంది గానీ నెట్ రాదు. అందుకని డాబా మీద వెదురు కర్ర కట్టి, దానికి గుడ్డసంచిలో ఫోను వేలాడదీసి, హాట్‌స్పాట్ పెట్టి కిందికి వచ్చేస్తాం. కింద లాప్‌టాప్ ఆ వైఫైతో నడుస్తుంది. ఇది మాకు బట్టలు ఆరేసుకున్నంత మామూలు పని.

నా కోపమంతా మా మరిది మీద. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. సెలవుకు వచ్చి, నన్ను ఒక్క మాట అడగకుండా నా పాత లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాడు. "ఇగ హ్యాంగ్ కాదు వదినా, వైరస్ రాదు, పైసా కట్టే పన్లేదు" అని గొప్పలు పోయి, తెల్లారి బస్సెక్కాడు. అది చకచకా తెరుచుకున్న మాట నిజమే. కానీ వైఫై గుర్తు మాయమైంది. సెట్టింగ్స్‌లో చూస్తే అసలు వైఫై కార్డే లేదని రాసి ఉంది. నిన్నటిదాకా పనిచేసిన కార్డు లోపలే ఉంది. లేదంటుందేమిటి?

మర్నాడు ఉదయం నాకు ఇంటర్వ్యూ. పిల్లల హిందీ పాఠాలను తెలుగులోకి, దోర్లీలోకి మార్చే మనిషి కావాలని రాయపూర్‌లో ఒక సంస్థ అడిగింది. ఇంట్లో కూర్చుని చేసే పని. నా పుట్టిల్లు కిష్టారం వైపు. అక్కడి అడవి ఊళ్లలో మాట్లాడే దోర్లీ నాకు ఆటల్లో వచ్చిన భాష. పెళ్లయ్యాక నాకు వచ్చిన విద్యను చూసి ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. పాఠం వాళ్లు చూస్తుండగానే లాప్‌టాప్ మీద మార్చి చూపించాలి. ఫోనులో కుదరదు.

అత్తమ్మ కీప్యాడ్ ఫోను తీసుకుని మరిదికి చేశాను.

"గదేం లేదు వదినా. ఆ కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కాలె. ఒక్క కమాండ్ కొడితే నెట్ల నుంచి అదే దించుకుంటది."

"కార్డు పనిజేస్తేనే గదా నెట్ వచ్చేది?"

"లాన్ కేబుల్ పెట్టు."

"ఈడ లాన్ కేబుల్ యాడిది? నువ్వు పుట్టిన ఇల్లే గదా ఇది!"

"ఇప్పుడు మీటింగుల ఉన్న. రేపు సాయంత్రం చూస్త. నువ్వైతే ఏం ముట్టకు, ఖరాబ్ చేస్తవ్."

ఖరాబ్ చేసింది ఎవరు? ఒళ్లు మండిపోయింది. మా ఆయన కొట్టు నుంచి అన్నానికి వస్తే చెప్పాను. "తమ్ముడు చూస్తనన్నడు గదా, ఇంత ఆత్రమేంది?" అని చెయ్యి కడుక్కున్నాడు. నా ఇంటర్వ్యూ సంగతి ఆయనకు అంతకుముందు రోజే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కి, కర్ర పక్కన నిలబడి ఫోనులో వెతికాను. కార్డు చేసిన కంపెనీ దాని డ్రైవర్‌ను లైనక్స్‌తో కలిపి పంచనివ్వదట, విడిగా దించుకోవాలట. అమ్ముకున్నది వాళ్లు, తిప్పలు మాకు. ఎవరు రాసింది చదివినా అదే మాట: కేబుల్ పెట్టండి, అప్‌డేట్ చేయండి. వాళ్ల గోడల్లో నెట్ కేబుళ్లు ఉన్నాయని లోకమంతా ఉంటాయనుకున్నారు కాబోలు. చివరికి ఎవరో ఒకరు రాశారు, ఫోనునే ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు కలిపి నెట్ ఇవ్వొచ్చని.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఈ ముక్క నాకు తట్టలేదు, అంత చదివిన మా మరిదికీ తట్టలేదు. మా ఇంట్లో ఫోను పైన, లాప్‌టాప్ కింద. ఆ రెంటినీ ఒక చోట పెట్టి ఎన్నడైనా చూశామా? ఫోను కిందికి తెస్తే నెట్ పోతుంది. లాప్‌టాప్ పైకి తేవాలంటే బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది, కరెంటు వైరు ఊడితే ఆరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మెట్ల మీదుగా పైకి లాగాను.

"ఏందమ్మా, చిన్నోడు ముట్టద్దన్నడు గదా!" కింద నుంచి అత్తమ్మ.

"ముట్టిన, అత్తమ్మా. ఇగ ముట్టుతనే ఉంట."

ఎండబెట్టిన మిరపకాయల పక్కన, అప్పటికే ఎండెక్కి మండుతున్న సిమెంటు మీద కూర్చుని వైరు కలిపాను. నెట్ వచ్చింది. ఫోనులో చదివిన కమాండ్ కొట్టాను. గీతలు గీతలుగా ఏదో పరిగెత్తింది. ఆపి మళ్లీ తెరిస్తే, వీధిలో డాబాల మీదున్న ఫోన్ల వైఫై పేర్లన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి. ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు, ఫోను మళ్లీ కర్రకు తగిలించి లాప్‌టాప్‌తో కిందికి పరిగెత్తాను.

చెమట కూడా ఆరకముందే ఇంటర్వ్యూ మొదలైంది. మొదటి ప్రశ్న హిందీలో: "కంప్యూటర్ ఇబ్బంది పెడితే చూసుకోవడానికి ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

మర్యాదగా ఉండాల్సింది. ఉండలేకపోయాను. "ఇద్దరున్నారు. ఒకాయన మీటింగులో, ఒకాయన కొట్లో. ఇందాక దీన్ని బాగు చేసుకుని కూర్చున్నది నేను. మీకు పాఠం మార్చే మనిషి కావాలా, మగమనిషి కావాలా?"

తర్వాత పాఠం తెర మీదికి వచ్చింది. మార్చాను.

"రేపు సాయంత్రం" అన్న మరిది, నేను ఉద్యోగంలో చేరాక గానీ ఫోను చేయలేదు.

"ఇప్పుడు ఖాళీగున్న వదినా. చెప్పు, స్క్రీన్ మీద ఏమొస్తుంది?"

"దోర్లీల రెండో తరగతి పాఠం. పనిల ఉన్న, పెట్టెయ్" అన్నాను.